చీర చెంగున పసుపు

మా నెట్ సెంటర్‌కి వచ్చేవాళ్ళందరూ ఏదో ఒకటి రావాలని వచ్చేవారు. ఉద్యోగం కబురు రావాలని, పరీక్ష ఫలితం రావాలని, మస్కట్ నుంచి మొగుడి గొంతు రావాలని. రాకూడదని రోజూ వచ్చిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆవిడ బండారులంకలో చీరలు నేసే ఆయన భార్య. నేను పిన్నిగారు అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు రెండోసారి కనబడిన మనిషికి వరస కలపకపోతే మర్యాద కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. అమలాపురంలో ఒక మందుల షాపు మీద గది అద్దెకి తీసుకుని మా ఆయనా నేనూ కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్నాం. ప్లైవుడ్ అడ్డాలు, అడ్డానికో స్టూలు, చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు. అప్పట్లో నెట్ టెలిఫోను తీగ మీద వచ్చేది. కలిసేముందు అది పెట్టే గోలకి కింద షాపాయన, పైన ఏ జంతువుని పెంచుతున్నారండీ అని వాకబు చేసేవాడు.

గల్ఫులో ఉన్న మొగుళ్ళతో మాట్లాడడానికి వచ్చే ఆడవాళ్ళే మాకు ఆధారం. చెవులు మూసుకుంటే తమ మాట ఎవరికీ వినబడదనుకుని గట్టిగా మాట్లాడేవారు. పిల్లాడి జ్వరం, అత్తగారి సణుగుడు, సగంలో ఆగిన స్లాబు, అన్నీ మా అందరికీ తెలిసిపోయేవి. బయటికొచ్చాక మేం ఏమీ విననట్టు ఉండేవాళ్ళం, వాళ్ళు ఏమీ ఏడవనట్టు ఉండేవారు. పిన్నిగారు గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని ఇదంతా చూసేది.

ఆవిడ రాకకి కారణం బాబాయిగారి వీసా. ఆయన రాజోలులో ఒక ఏజెంటుకి పాస్‌పోర్టు ఇచ్చి ఉన్నారు. వీసా కాగితం మెయిల్లో వస్తుందని ఏజెంటు చెప్పాడట. వాళ్ళకి మెయిలు అంటూ లేదు కాబట్టి మా అడ్రసు ఇచ్చుకున్నారు. ఆవిడ కూరలకనో, తలనొప్పి మాత్రలకనో వంక పెట్టుకుని వచ్చి, "వచ్చిందా అండీ?" అని అడిగేది. రాలేదు పిన్నిగారూ అంటే, ఆయ్, పోన్లెండి అని మొహం విప్పార్చుకుని వెళ్ళిపోయేది. నా నోరు ఊరుకునే రకం కాదు. ఒకరోజు ఆపి, లేదంటే ఇంత సంబరపడుతున్నారు, అసలు మీకు అది రావాలనుందా వద్దనుందా అని అడిగేశాను.

ఆవిడ అటూ ఇటూ చూసి నెమ్మదిగా చెప్పింది. షావుకారు నూలు ఇస్తే నేసి, చీరలు అప్పజెప్పి, కూలి తెచ్చుకోవడం వాళ్ళ బతుకు. ఎక్కణ్ణుంచో మరమగ్గాల చీరలు అదే అంచుతో సగం ధరకి దిగుతున్నాయి. షావుకారు పని ఇవ్వడం తగ్గించేశాడు. మగ్గం మీద పడుగు లేకుండా వారాలు గడుస్తున్నాయి. వాళ్ళ వీధిలో ఒకాయన కువైట్‌లో ఒక బంగళాలో మొక్కలకి నీళ్ళు పోసే పని చూసిపెడతానన్నాడట. ఊహ తెలిసినప్పట్నుంచీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నీడ పట్టున కూర్చున్న మనిషి ఆ ఎండలో ఎలా నిలబడతాడన్నది పిన్నిగారి బెంగ. పైగా వాళ్ళకి పిల్లల్లేరు. ఆ ఇంట్లో చప్పుడంటే మగ్గం చప్పుడే.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియని కోపం. అలాంటి కోపం వచ్చినప్పుడు నేను ఏదో ఒక పని నెత్తికెత్తుకుంటాను. పెళ్ళికి ముందు కాకినాడలో వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకున్నాను. ఆ చదువుకి ఫలితంగా మా నెట్ సెంటర్‌కి ఒక పేజీ చేసి పెడితే దాన్ని చూసినవాళ్ళం మేమిద్దరమే. ఉచితంగా పేజీలు పెట్టుకోనిచ్చే చోట్లు అప్పుడు చాలానే ఉండేవి. వాటిలో ఒకదానిలో బాబాయిగారి చీరలు పెట్టి, షావుకారుతో పని లేకుండా నేరుగా అమ్మితే?

మా ఆయన తాపీ మనిషి. చీర లేదు, కొనేవాడు లేడు, కొట్టు మాత్రం తెరుస్తావా, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది అన్నాడు. అక్కడితో ఊరుకోకుండా, నీకిది సరదా, వాళ్ళకి బతుకు, జాగ్రత్త అని కూడా అన్నాడు. మొదటి మాటకి నవ్వాను గానీ రెండోదానికి రెండు పూటలు మాట్లాడడం మానేశాను.

బండారులంక వెళ్ళి చెబితే బాబాయిగారు షావుకారు ఇచ్చిన కాస్త పనీ నేస్తూనే విన్నారు. ఆయన మాట పొదుపు. వింటున్నారో లేదో మగ్గం చప్పుడులో తెలిసేది కాదు. చివరికి చెయ్యి ఆపి ఒక ఒప్పందం చెప్పారు. తన సొంత నూలుతో ఒక పడుగు వేస్తారు. ఒక పడుగు మీద వరసగా కొన్ని చీరలు దిగుతాయి. వీసా వచ్చేలోగా ఆ చీరలన్నీ నా కంప్యూటర్లో అమ్ముడుపోతే పాస్‌పోర్టు వెనక్కి తెచ్చేసుకుంటారు. పోకపోతే కువైట్ వెళ్తారు. అప్పుడు ఏడుపులూ అలకలూ ఉండకూడదు. ఆ చివరి మాట పిన్నిగారి వైపు చూసి అన్నారు. ఆవిడ ఆయ్ అంది.

ఇక మా వ్యాపారం. ఫోటోలకి గల్ఫు నుంచి వచ్చినాయన దగ్గర డిజిటల్ కెమెరా అడిగి తెచ్చాను. చీర ఎవరో ఒకరు కట్టుకుని నిలబడితే అందంగా ఉంటుంది, నేనే కట్టుకుంటానన్నాను. పిన్నిగారు ససేమిరా ఒప్పుకోలేదు. ఒకరు కట్టాక అది కట్టిన చీరే గదండీ, కొత్తదని ఎలా అమ్ముతామండీ అంది. నేల మీద పరవడానికీ ఒప్పుకోలేదు. చివరికి పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య తాడు కట్టి ఆరేసి తీశాం. ఒక మీగడరంగు చీర మీద కొబ్బరాకు నీడ పడింది. అది నేను చూసుకోలేదు. పేజీ పెట్టిన కొన్నాళ్ళకి ఒకావిడ, ఆ ఆకుల డిజైను చీర ఉందా, చాలా కొత్తగా ఉంది అని రాసింది. బాబాయిగారు నవ్వగా చూడడం నాకు అదే మొదలు. నీడ నేయడం మా తాతలకి కూడా రాలేదమ్మా, ఆవిడకి అలాగే చెప్పండి అన్నారు. అలాగే చెప్పాను. ఆవిడ ఆ మీగడరంగు చీరే నీడ లేకుండా పంపమంది!

అంత తేలిగ్గా అన్నీ జరగలేదు. తెలుగువాళ్ళు నెట్‌లో కూడి కబుర్లు చెప్పుకునే గుంపులు ఉండేవి. వాటిలో దూరి, వంటల గురించి ఒక మాట, వానల గురించి ఒక మాట కలిపి, ఆఖర్న మా చీరల పేజీ అడ్రసు పెట్టేదాన్ని. రెండు గుంపుల వాళ్ళు ఇది సంత కాదమ్మా అని నన్ను గెంటేశారు. మూడో గుంపులో నిలదొక్కుకున్నాను. అక్కణ్ణుంచి ఒక్కొక్క ఉత్తరమే రాసాగింది. బెంగుళూరులో బ్యాంకు ఉద్యోగం చేసే అమ్మాయి ఒకతె, భిలాయిలో స్థిరపడిన టీచరుగారు ఒకరు. వాళ్ళు బ్యాంకు డ్రాఫ్టు పంపితే మేం పోస్టులో పార్సెలు పంపేవాళ్ళం. పిన్నిగారు ఇంటి దగ్గరే చీర మడత పెట్టి, తెల్లగుడ్డలో కుట్టి తెచ్చేది. పైన అడ్రసు రాయడం వరకే నా పని.

ఆ రోజుల్లో పిన్నిగారు బల్ల మీద కూర్చోవడం మానేసి నా పక్కన కుర్చీ వేసుకుంది. ఫోటో తెర మీద పైనుంచి కిందికి మెల్లిగా తెరుచుకుంటుంటే, తన ఇంట్లో పుట్టిన చీరే అయినా, ఇప్పుడు అంచు వస్తుంది చూడండి అని నాకే చూపించేది. ఆర్డరు వస్తే ఎంత ధరకని అడిగేది కాదు. ఏ ఊరండీ, ఆవిడకి పిల్లలెంతమందండీ, అత్తగారు దగ్గరుంటారా అండీ అని అడిగేది. అవన్నీ మెయిల్లో రాయరు పిన్నిగారూ అంటే, అడిగితే చెప్పరా అండీ అనేది. నేను విసుక్కునేదాన్ని గానీ ఆవిడ పక్కన లేకపోతే నాకూ తోచేది కాదు.

సగం చీరలు పోయాయి. అప్పుడు ఉత్తరాదిన ఒక పెద్ద ఊళ్ళో బట్టల దుకాణం నడిపే ఆవిడ రాసింది. తెలుగావిడ కాదు. పేజీ ఎలా కంటబడిందో, మిగిలిన చీరలన్నీ తనే తీసుకుంటానంది. సరుకు చూసుకున్నాక డబ్బు పంపుతుంది, నచ్చితే ప్రతి పడుగూ తనకే కావాలట. నేను ఆ మెయిలు కాగితం మీద ప్రింటు తీసి ఆటో ఎక్కి బండారులంక పరిగెత్తాను. బాబాయిగారు దాన్ని తల్లకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశారు. ఇంగ్లీషు కదా, ఎటు పట్టుకున్నా ఒకటేనమ్మా అన్నారు. ఆ చీరలు నేయడం ముగించి పార్సెలు కట్టి పంపేశాం. పిన్నిగారు మా అందరికీ గారెలు వండి తెచ్చింది. మా ఆయన నాలుగు తిని, నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నాడు.

పార్సెలు దారిలో ఉండగానే వీసా వచ్చింది. నేను దాచలేదు. దాచాల్సిన అవసరం ఉందనిపించలేదు. బాబాయిగారు కూడా, చీరలు అమ్ముడైనట్టే కదమ్మా, ఆ డబ్బు కబురు తెలిశాక ఏజెంటుకి వద్దని చెప్పేద్దాం అన్నారు. పిన్నిగారు ఆ కాగితాన్ని చూడనైనా చూడనంది.

డబ్బు కబురుకి బదులు ఒక చిన్న మెయిలు వచ్చింది. చీరలు బాగున్నాయి కానీ అన్నిటికీ మరకలున్నాయి, ఇలాంటి సరుకు నేను అమ్మలేను, తిప్పి పంపుతున్నాను. అంతే. నేను పోస్టాఫీసునీ, రైలునీ, దారిలో ఆ మూట మీద చెయ్యి వేసిన ప్రతి మనిషినీ తిట్టుకున్నాను. పార్సెలు తిరిగొచ్చాక విప్పి చూస్తే ప్రతి చీర చెంగు మూలనా పసుపు మరక. బొటనవేలంత. అన్నిటికీ ఒకే చోట, ఒకే మోస్తరుగా. దారిలో ఏదో ఒలికితే ఇంత పద్ధతిగా ఒలకదు కదా అని అప్పుడైనా నాకు తట్టలేదు. మూట పట్టుకుని బండారులంక వెళ్ళి, చూడండి ఏం చేశారో అని పిన్నిగారి ముందు పడేశాను.

ఆవిడ చెంగు ఎత్తి చూసి నా వంక ఆశ్చర్యంగా చూసింది.

"అది మరక కాదండీ. పసుపు. నేను పెట్టిందే."

నా గొంతు లేచిపోయింది. అవి అమ్మే చీరలు, పేరంటానికి పంచేవి కావు, ఎవరు పెట్టమన్నారు అని గట్టిగానే అడిగాను. ఆవిడ బెదరలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"కొత్తబట్టకి పసుపు పెట్టకుండా ఎవరన్నా కట్టుకుంటారా అండీ? ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు గదా. ఆ ఇంట్లో పసుపు పెట్టే పెద్దదిక్కు ఉందో లేదో అని పెట్టేనండి. అందరికీ పెట్టేను."

అందరికీ. బెంగుళూరు అమ్మాయికీ, భిలాయి టీచరుగారికీ, నీడ చీర అడిగినావిడకీ. వాళ్ళంతా తెలుగువాళ్ళు. చెంగున పసుపు చూసి ఎవరో మంచి కోరారనుకున్నారే తప్ప ఒక్కరూ మరక అనలేదు. ఈ దుకాణం ఆవిడకి అది తెలియదు, తెలియాలని ఎక్కడుంది? నా కోపం ఎటు పోయిందో పోయింది. మా అమ్మ పోయాక కొత్తచీర కట్టుకున్నప్పుడల్లా పసుపు నాకు నేనే పెట్టుకుంటున్నాను. ఒక్కోసారి అదీ మర్చిపోతున్నాను. ఈవిడ ముఖం తెలియని మనుషులకి ఒక్కరికీ మర్చిపోకుండా పెట్టింది. కళ్ళు నిండిపోయి తల తిప్పుకున్నాను.

కానీ ఆవిడకి అప్పుడే జరిగింది అర్థమైంది. నా మొహం, మూట, మరకలన్న మాట, అన్నీ కలుపుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. లోపల మగ్గం ఆగింది. బాబాయిగారు అంతా విన్నారని తెలుసు. నేను బయటికొచ్చేదాకా మగ్గం మళ్ళీ మొదలవలేదు.

మర్నాడు నేను తలుపు తాళం తీస్తుండగానే పిన్నిగారు మెట్ల మీద ఉంది. వంకలేమీ చెప్పలేదు. ఆ వీసా కాగితం తీసి ఇవ్వమంది. ఇంకో పడుగు వేద్దాం, దుకాణం ఆవిడకి సంగతి రాద్దాం, ఆ మరకలు ఎండలో పెడితే పోతాయి అని ఎన్నో చెప్పాను. ఆవిడ వినలేదు.

"ఒప్పందం ఒప్పందమేనండి. నా చేత్తో నేనే పాడుచేసేను. ఆయన్ని వెళ్ళనివ్వండి."

ఇన్నాళ్ళూ రాకూడదని కోరుకున్న కాగితాన్ని ఆవిడే అడిగి తీసుకుంది. నేను ప్రింటు తీసి ఇచ్చాను. చేతిసంచిలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే నాకు ఆ కంప్యూటర్లన్నీ కింద పారేయాలనిపించింది. మా ఆయన నాకేసి చూశాడు గానీ పాత మాట ఎత్తలేదు. అందుకు ఆయనకి ఇప్పటికీ ఋణపడి ఉన్నాను.

మధ్యాహ్నం బాబాయిగారు సైకిలు మీద వచ్చారు. ఆయన మా మెట్లెక్కడం అదే మొదటిసారి. చెప్పులు బయట విడిచి వచ్చి, వీసా కాగితం బల్ల మీద పెట్టి, ముందు ఆ దుకాణం ఆవిడ మాటలు తెలుగులో చదవమన్నారు. నేను కొంచెం మెత్తగా చేసి చదివాను. ఉన్నది ఉన్నట్టు చదవండమ్మా అన్నారు. చదివాను. ఆయన తల పంకించి, రెండు ఉత్తరాలు రాయాలి, నేను చెబుతాను, మీరు వాళ్ళ భాషలో పెట్టండి అన్నారు. మా కంప్యూటర్లలో అప్పటికి తెలుగు అక్షరాలు లేవు కాబట్టి రెండూ ఇంగ్లీషులోనే రాశాను. ఆయన ఒక్కో మాటా ఆలోచించి చెప్పారు. వెళ్ళేటప్పుడు, ఈ సంగతి మీ పిన్నిగారికి నేను చెప్పలేనమ్మా, నాకు అలా చెప్పడం చేతకాదు, వస్తే మీరే చదివి పెట్టండి అన్నారు.

తర్వాతి సంగతి కూడా చెప్పేస్తాను. ఆ దుకాణం ఆవిడ మళ్ళీ రాయలేదు. మేం ఆర్డరు పేజీలో అడ్రసు కింద ఒక ప్రశ్న పెట్టాం: చెంగుకి పసుపు పెట్టి పంపమంటారా? అవునూ కాదూ అని పక్కన రెండు గళ్ళు. అవును అన్నవాళ్ళే ఎక్కువ. కొందరు అమ్మ ఊసో, అమ్మమ్మ ఊసో రెండు ముక్కలు కలిపి రాసేవారు. దాంతో పిన్నిగారూ బాబాయిగారూ మేడలు కట్టలేదు. షావుకారు పని కొంత, మా పేజీ పని కొంత, అలా నడిచింది. ఉచితంగా చోటిచ్చినవాళ్ళు ఆ తర్వాత మూసేసుకుంటే మా పేజీ కూడా పోయింది. అప్పటికి కొన్నవాళ్ళు ఫోన్లు చేసి అడగడం అలవాటు చేసుకున్నారు.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ ఉత్తరాలు రాసిన మర్నాటి పొద్దు. బాబాయిగారు ఇంటికెళ్ళి నోరు విప్పలేదట. కొత్త నూలు తెచ్చి గుమ్మంలో పెట్టి పడుకున్నారట. ప్రయాణం పెట్టుకుని నూలు ఎందుకో పిన్నిగారికి బోధపడక నా దగ్గరికి వచ్చింది. కుర్చీలో కూర్చోమని, ఇంగ్లీషులో ఉన్నవాటిని మళ్ళీ ఆయన మాటల్లోకి మార్చి చదివాను. మొదటిది దుకాణం ఆవిడకి.

"అమ్మా, అది మరక కాదండి. కొత్తచీర మీకు మంచి చెయ్యాలని మా ఆవిడ పెట్టింది. మీకు తెలీదు గనక మీ తప్పు లేదు. ఇకమీదట అడిగి పెడతాం."

ఆవిడ ఊఁ కొట్టింది. రెండోది రాజోలు ఏజెంటుకి. నేను రావడం లేదు, నా బదులు ఇంకెవరినైనా చూసుకోండి, పాస్‌పోర్టుకి నేనే వస్తాను అని ఉంది దానిలో. అక్కడితో ఆపుదామని నేనంటే, కారణం చెప్పకుండా మాట తప్పకూడదమ్మా అని బాబాయిగారు పట్టుబట్టి రాయించిన ముక్కలు ఆ తర్వాత ఉన్నాయి. ఏజెంటుకి అవి ఎందుకు పనికొస్తాయో దేవుడికే తెలియాలి.

"ఇది మా ఇద్దరి పనండి. నేను నేస్తాను, ఆవిడ పసుపు పెట్టి పంపుద్ది. ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే చేస్తన్నాననుకున్నాను. నేనక్కడికి వచ్చేస్తే ఆవిడ చేతికి చీర ఎవరిస్తారండి?"

పిన్నిగారు ఇంకోసారి చదవండి అంది. చదివాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. ప్లైవుడ్ అడ్డాల అవతల ఎవరో దుబాయితో గట్టిగా మాట్లాడుతున్నారు. మూడోసారి ఆవిడ అడగలేదు. నేనే చదివాను.